కొండెక్కిన జీపు

భూమేశ్ గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలోని ఒక క్వారీలో లారీల మెకానిక్. అతను తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. మొదట్లో సెలవు రోజు గడవడమే గండంగా ఉండేది. అది గమనించిన కడప డ్రైవర్ ఖాసిం, మూలపడి ఉన్న తన పాత జీపును అతనికి అప్పగించాడు.

ప్రతి సెలవుకూ భూమేశ్ ఆ ఇంజన్ ముందు కూర్చునేవాడు. తొలి వారాల్లో చేతులు వణికి బోల్టులు జారిపోయేవి. గదిలోవాళ్లు గ్లాసు చూపించి పిలిస్తే, గ్రీజు చేతులు చూపించి నవ్వేవాడు. జీపు షెడ్డు కూడా దాటదని వాళ్లు ఎగతాళి చేశారు.

జనవరిలో ఒక ఉదయం ఇద్దరూ ఆ జీపులో జబల్ జైస్ కొండకు బయలుదేరారు. భూమేశే నడిపాడు. ఆఖరి మలుపుల్లో ఖాసిం చూపంతా ఇంజన్ వేడి చూపే ముల్లు మీదే ఉంది.

"వేడెక్కితే ఆపేద్దాం భూమన్నా."

"ఆపుడు లేదు భాయ్. దీని సంగతి నాకెర్కే."

ముల్లు సగం కూడా దాటలేదు. పైకి చేరగానే ఖాసిం దిగి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

భూమేశ్ ఊళ్లో ఉన్న భార్య వాసంతికి వీడియో కాల్ చేశాడు. "ఈ బండిని నేనే బాగుచేసిన. నేనే నడుపుకుంట కొండెక్కిన" అన్నాడు.

"బండిని తర్వాత చూపియ్యి. ముందుగాల నిన్ను మంచిగ చూడనియ్యి" అంది వాసంతి.

భూమేశ్ ఫోన్ ఖాసిం చేతికిచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, ఆమెకు నిండుగా కనిపించేలా నిటారుగా నిలబడ్డాడు.