కార్గో పెట్టెకి జ్వరం

శుక్రవారం పొద్దున్న కువైట్‌లోని సల్వాలో మన ఆడవాళ్ళు ఊరికి పంపే పెట్టెలు కడతారు. ఒక్క వీధిలో కట్టే పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చంద్రుడి దాకా ఎక్కి, అక్కడ టీ తాగి, ఎండెక్కే లోపల దిగి రావచ్చు.

ఆ శుక్రవారం షైని కూడా పెట్టె కట్టింది. షైనిది నరసాపురం. ఇరవయ్యారేళ్ళ పిల్ల, సల్వాలో ఒక పెద్దింట్లో పనికి ఉంటోంది. అదే ఇంట్లో వంట చేసే రమణమ్మ టేపు లాగి పట్టుకుంటే, షైని మూత మీద మోకాలేసి నొక్కింది. పాలపొడి డబ్బాలు నాలుగు, బాదంపప్పు, ఖర్జూరం, డజను సబ్బులు, పులిబొమ్మ దుప్పటి. ఆ దుప్పటి పరిస్తే నరసాపురం బస్టాండులో జనమంతా దాని కిందే వెచ్చగా పడుకోవచ్చు, ఇంకా కండక్టర్లకి చోటు మిగులుతుంది. దుప్పటి మడతలో, రమణమ్మకి కూడా చెప్పకుండా, పద్నాలుగు మాత్రలు.

మాత్రల సంగతేమిటంటే, అంతకు ముందు ఆదివారం షైనికి గొంతు పట్టేసింది. ఎంత పట్టేసిందంటే, పొద్దున్న మింగిన గుటక మధ్యాహ్నానికి గానీ కడుపులోకి చేరలేదు. ఒళ్ళు పెనంలా కాలింది. క్లినిక్‌లో విజయవాడ అమ్మాయి అమృత నర్సు. గొంతులో పుల్ల తిప్పి పరీక్ష చేసి, బాక్టీరియా దూరిందని చెప్పి, డాక్టరు రాసిన ఇరవై మాత్రలు చేతిలో పెట్టింది. పూటకొకటి చొప్పున రోజుకి రెండు, పది రోజులు, తగ్గినా సరే ఒక్కటి మిగలకూడదని మూడుసార్లు చెప్పింది. షైని మూడుసార్లూ తలూపింది.

మూడు రోజులకే గొంతు తేలికైంది, జ్వరం పోయింది. తగ్గాక కూడా మాత్ర మింగడమంటే భోజనాలయ్యాక విస్తళ్ళు వేసినట్టని షైని అనుకుంది. పైగా ఊళ్ళో వాళ్ళమ్మకి ఎప్పుడూ ఏదో గొంతునొప్పి, ఆయాసం. వీధి చివరి కొట్టుకెళ్ళాలంటే నాలుగు అరుగుల మీద కూర్చుంటూ వెళ్తుంది. కువైట్ మాత్ర ఒక్కటి మన ఊరి మాత్రలు పదింటికి సమానమని అక్కడ పనిచేసే వాళ్ళందరికీ గట్టి నమ్మకం. అమ్మకి పనికొస్తాయి కదా అని దాచింది.

పదింటికి కార్గో వ్యాను వచ్చింది. వ్యాను నడిపే ఖాసిం వలి కడప మనిషి. పద్దెనిమిదేళ్ళుగా షువైఖ్ రేవు గోదాముకి పెట్టెలు మోసి మోసి ఆయన భుజం మీద పెట్టె మూలంత గుంట పడింది. వాన పడ్డ రోజున ఆ గుంటలో పిచ్చుకలు స్నానాలు చేస్తాయి. ఏ పెట్టెనైనా ఎత్తేముందు అరచెయ్యి ఆనించి చూడటం ఆయన పద్ధతి. షైని పెట్టె మీద ఆనించిన చెయ్యి చటుక్కున తీసేశాడు.

"జరం ఉండాది పాపా దీనికి. జరమున్న పెట్టెను నేను ఓడెక్కించను."

"నాకెప్పుడో తగ్గిపోయింది అన్నయ్యా."

"నీకు తగ్గిండాది లే. సగం తిన్న మాత్రలేమన్నా పెట్టినావా లోపల?"

దుప్పటి మడతలో అమ్మ కోసం పద్నాలుగు పెట్టానని షైని ఒప్పుకుంది. యుద్ధం సగం ఇక్కడ, సగం పెట్టెలో పెడితే జ్వరం ఏదో ఒకచోట ఉండక ఏం చేస్తుందని ఖాసిం వలి గొణుక్కుని, రెండు వారాలకి మళ్ళీ వస్తానని, ఈలోగా తడిగుడ్డ వెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

పెట్టెని వంటింటి పక్క గదిలో పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి వణుకు మొదలైంది. లోపల పాలపొడి డబ్బాలు పళ్ళు కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి, ఆ అదురుకి అక్కడెక్కడో ఊరవతల ఎగైలాలో బల్లల మీది గ్లాసులు జరిగాయి. పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటావిడ వచ్చి, మూత సందులో థర్మామీటరు పెట్టి, నూట మూడు చూసి, "మిస్కీన్" అని జాలిపడి, ఆ గదిలో ఏసీ తగ్గించి వెళ్ళింది.

రమణమ్మ తడిగుడ్డ మార్చి అమృతకి ఫోన్ చేసింది. పెట్టెకెంత, పిల్లకెంత అని అమృత అడిగింది. పెట్టెకి నూట మూడు, పిల్లకేమీ లేదు అనగానే, అదే భయమంటూ అరగంట చెప్పింది. విన్నదంతా రమణమ్మ తన భాషలోకి దించి షైని ముందు పెట్టింది.

"నీ గొంతులో దూరినోడు మహా మాయగాడే. మన ఒంట్లో ఉండే సరుకుతోనే అంగీ కుట్టించుకుని తొడుక్కుంటాడంట. ఒంట్లో పోలీసులు ఎదురొచ్చినా మనోడే అనుకుని వదిలేత్తారంట. నువ్వేసుకున్న ఆరు మాత్రలకీ వీధుల్లో తిరిగేవోళ్ళు చచ్చారు. సందుల్లో నక్కినోళ్ళు అలాగే ఉన్నారు."

"ఉంటే ఆ పోలీసులే చూసుకుంటారులే పిన్నీ."

"వాళ్ళు చూసుకోడమే కదే గొడవ. వాడి మొహం నీ గుండెలో ఉండే ముక్కలాగే ఉంటదంట. వాడు దొరక్కపోతే, వెతికి వెతికి కళ్ళు మసకేసిన పోలీసులు నీ గుండెనే ఇక్కడుండే కాయితం, ఇఖామా చూపించమంటారు. అది పుట్టినకాణ్ణుంచీ అక్కడే ఉందని ఎవడు వింటాడు? లాఠీ దెబ్బలు గుండెకే."

షైని నవ్వింది గానీ నవ్వు సగంలోనే ఆగింది. అయినా పెట్టె విప్పనంది. అవి అమ్మవి, అమ్మ కోసం దాచినవి, అమ్మ నోటి దగ్గరివి తీసి తను మింగితే అరగవంది. మీ అమ్మకి ఆ ఆయాసం ఎప్పట్నుంచే అని రమణమ్మ అడిగింది. షైనికి తెలీదు. ఇరవయ్యారేళ్ళలో అడగనే లేదు. ఫోన్ చేసి అడిగింది.

అమ్మ చెప్పింది. తనకి పన్నెండేళ్ళప్పుడు గొంతు నొప్పట. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే తగ్గిందట. మూడు వారాలకి మోకాళ్ళు కొబ్బరికాయల్లా వాచాయట, ఆ తర్వాత ఊపిరి ఎప్పుడూ సరిగ్గా ఆడలేదట. గుండెలో కవాటం పాడైందని మూడు వారాలకోసారి పెద్దాసుపత్రిలో ఇంజక్షన్ వేస్తున్నారు. కూతురు బెంగపెట్టుకుంటుందని ఇదంతా ఆయాసం అన్న ఒక్క మాటలో చుట్టేసింది. ఇప్పుడెందుకు అడిగావంది. షైని మాత్రల సంగతి, పెట్టె సంగతి చెప్పేసింది.

అమ్మ ఆయాసం తీర్చుకుని నోరు తెరవడానికి టైము పట్టింది. ఆ లోపల షువైఖ్ రేవులోకి మూడు ఓడలొచ్చి, సరుకు దించుకుని వెళ్ళిపోయి ఉంటాయి.

"నాది పాడైపోయిందే. ఎన్ని మాత్రలేసినా పాతది రాదు," అంది చివరికి. "నీది ఇంకా బాగుంది. అవి నువ్వు మింగు, నాకు ముట్టినట్టే."

షైని కత్తి తెచ్చి టేపు కోసింది. దుప్పటి మడత పెనం మీది గుడ్డలా కాలుతోంది. ఒక మాత్ర తీసి మింగింది. సాయంత్రానికి పెట్టె నూట రెండున్నరకి దిగింది.

మర్నాడు క్లినిక్‌కి వెళ్తే అమృత తిట్టిన తిట్లకి గోడకున్న సున్నం రాలింది. డాక్టరు గుండె విని, ఇంకా ఏమీ కాలేదని, లెక్క మళ్ళీ మొదట్నుంచి పది రోజులని చెప్పి, తక్కువైన మాత్రలు ఇచ్చాడు. షైని పూట తప్పలేదు. ఆమె మింగుతూ ఉంటే పెట్టె చల్లబడుతూ వచ్చింది. పదో రోజున పెట్టెకి చెమట పట్టింది. ముగ్గురు ఆడవాళ్ళూ కూర్చుని గుడ్డలతో ఒత్తి మూడు బక్కెట్లు పిండారు. ఇంటి వెనక ఖర్జూరపు చెట్టు ఆ నీళ్ళు తాగి ఆ ఏడాది రెండు గెలలు ఎక్కువ వేసింది. మామా థర్మామీటరు చూసి, "ఖలాస్" అని దాన్ని కడిగి పెట్టేసుకుంది.

ఖాసిం వలి వచ్చి అరచెయ్యి ఆనించి, ఈసారి తియ్యలేదు. బిడ్డ నుదురు చూసినట్టు కాసేపు అలాగే ఉంచి, భుజానికెత్తుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు రమణమ్మ రోజూ టీ ఇచ్చే ముందు షైని మోకాళ్ళు నొక్కి చూసింది. వాపు లేదు. నొప్పి లేదు. నాలుగో వారం దాటింది, అయిదో వారం దాటింది.

ఓ రోజు పనిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. పెట్టె చేరిందంది, దుప్పటి మీద పులి మీ మేనమామలాగే ఉందంది, సబ్బులు పక్కవాళ్ళకి కూడా పంచానంది. షైని ఊ కొడుతూ, సబ్బులు ఎవరెవరికో ఎందుకిచ్చావని కోప్పడుతూ, నవ్వుతూ మాట్లాడింది. మాటల మధ్యలో అమ్మకి చెప్పుల చప్పుడు వినపడింది.

"ఏం చేస్తున్నావే?"

"తడిబట్టలు డాబా మీదికి తెచ్చానమ్మా."

"ఎన్ని మెట్లు?"

"మూడంతస్తులు. అరవై పైనే."

"నాతో మాట్లాడుతూనా?"

"ఆఁ. ఎప్పుడో ఎక్కేశాను, ఆరేస్తున్నాను."

అవతల కాసేపు అమ్మ ఊపిరి ఒక్కటే వినపడింది, ఆగి ఆగి.

"మళ్ళీ దిగవే," అంది అమ్మ. "దిగి ఎక్కు. నేను వింటాను."

షైని బట్టల బుట్ట గోడ పక్కన పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని, కిందికి పరుగెత్తింది.