రెండు కార్లు, ఒకే కాలు

మూడు వారాలుగా ఆ ఇంట్లో కార్ల సంగతి తప్ప మరో మాట లేదు. పాత కారు అమ్మేసి, ఇంటిల్లిపాదికీ కలిపి ఒక చిన్న కరెంటు కారు కొనాలి. తెల్లదా, నీలందా? తెల్లదానికి చార్జింగు వేగం ఎక్కువ, నీలందానికి ఒక్క చార్జికి పోయే దూరం ఎక్కువ. కొడుకు తెల్లదాని పక్షం, అల్లుడు నీలందాని పక్షం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు ఇంటికొక్కడుంటేనే కష్టం, ఇక్కడ ఇద్దరు పోగయ్యారు.

ఇంటికి పెద్ద టైలరమ్మ. వీధిలో అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కరెంటు మిషను మీద చొక్కా కాలర్లు కుట్టి, కిందటేడు పని మానేసింది. మానేసిన మర్నాడే డ్రైవింగు స్కూల్లో చేరి, మొదటిసారికే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంది. ఆ లైసెన్సు నాలుగు నెలలుగా పర్సులో నిద్రపోతోంది. పాత కారు తాళం అడిగితే కొడుకు, "ట్రాఫిక్ తగ్గిన రోజు చూద్దాంలే అమ్మా" అనేవాడు. అల్లుడు, "మీకెందుకు శ్రమ అత్తయ్యా? ఎక్కడికెళ్ళాలో చెప్పండి, నేను దింపుతాగా" అనేవాడు. ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమకే ఆవిడకు ఒళ్ళు మండేది. కొత్త కారు వచ్చాక కూడా తన చోటు వెనక సీటే అయితే, ఇక ఈ జన్మకు స్టీరింగు ముట్టుకోనని ఆవిడకు బాగా తెలుసు.

ఆ ఆదివారం రెండు షోరూముల వాళ్ళనూ బతిమాలి రెండు కార్లూ ఒక్క రోజుకు తెచ్చారు. ఒకే రింగు రోడ్డు, ఒకే నలభై కిలోమీటర్లు. కొడుకు తెల్లది తోలాడు, అల్లుడు నీలంది తోలాడు. కూతురు సైన్సు టీచరు కాబట్టి నోట్‌బుక్కులో గళ్ళు గీసి అంకెలు రాసింది. తెల్లది ఒక్క యూనిట్ కరెంటుకు ఐదు పాయింట్ తొమ్మిది కిలోమీటర్లు నడిచింది, నీలంది ఆరు పాయింట్ ఆరు. చార్జింగు స్టేషన్‌లో మాత్రం తెల్లది ఇరవై నిమిషాల్లో ఎనభై శాతానికి ఎక్కేసింది, నీలంది నలభై రెండు నిమిషాలు తీసుకుంది.

"చూశావా బావా! నీ కారు ఇంకా భోంచేస్తూనే ఉంది" అని కొడుకు గంతులేశాడు.

"గబగబా తినేవాడికి గబగబా ఆకలేస్తుంది బామ్మర్దీ. యూనిట్‌కి ఐదు పాయింట్ తొమ్మిదేనా?"

"నా ముందు ట్రక్కు పడింది. లేకపోతేనా..."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట!"

"నువ్వు ఏసీ ఆపేసి నడిపావు. నీ చొక్కా చూడు, పిండితే బకెట్టు నిండుతుంది!"

కూతురు నోట్‌బుక్కు టప్పున మూసింది. "ఆపండి ఇద్దరూ. మీరు కార్లను కొలవలేదు, మీ ఇద్దరినీ కొలిచారు. నడిపే మనిషి మారితే ఈ అంకెలు చెల్లవు. రెండు కార్లూ ఒక్కరే నడపాలి. ఏ కారు పక్షమూ లేనివాళ్ళు నడపాలి."

"అయితే నువ్వే నడుపు" అన్నాడు అల్లుడు.

"నాకు లైసెన్సెక్కడుందండీ?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, మెల్లగా స్టేషన్ బెంచీ మీద కూచున్న టైలరమ్మ వైపు తిరిగారు. ఆవిడ చేయి అప్పటికే పర్సులోకి వెళ్ళి లైసెన్సు బయటికి తీసింది.

అదే రోడ్డు మీద ముందు తెల్లది. పక్క సీట్లో కొడుకు తలుపు పిడి పట్టుకుని బిగుసుకుపోయాడు. "మెల్లిగా అమ్మా! బ్రేకు! బ్రేకు!"

"నోర్మూసుకుని కూచో. నీకు నడక నేర్పేటప్పుడు నేనిలాగే కేకలు పెట్టానా?"

మొదటి మలుపు దాటేసరికి ఆవిడకు సంగతి అంతుబట్టింది. ఇది స్కూల్లో నేర్పిన పెట్రోలు కారులా లేదు. యాక్సిలరేటరు తొక్కితే కదులుతుంది, కాలు తేలిక చేస్తే తనంతట తానే నెమ్మదించి, ఆ నెమ్మదించిన బలాన్ని మళ్ళీ బ్యాటరీలో దాచుకుంటుంది. బ్రేకుతో పెద్దగా పనే లేదు. అచ్చం తన కుట్టుమిషను పెడలే! కాలరు మూల దగ్గర సూది సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆపిన కాలు అది. ఎర్ర లైటు దూరాన కనబడగానే బొటనవేలు వదులు చేసింది, కారు మెత్తగా జారి గీత ముందు నిలబడింది. ఆనందం పట్టలేక టైలరమ్మ పైకే నవ్వేసింది. ఎర్ర లైట్లు పడితే ఇంత సంతోషించిన డ్రైవరు ఆ రోడ్డు మీద మరొకరు ఉండరు.

తిరిగొచ్చాక అల్లుణ్ణి పక్కన కూచోబెట్టుకుని నీలంది తోలింది. అతను భయపడడానికి సిద్ధమై వచ్చి, సగం దారిలో కునుకు తీశాడు.

కూతురు అంకెలు రాసి, మళ్ళీ లెక్కేసి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చూసింది. తెల్లది ఎనిమిది పాయింట్ ఒకటి. నీలంది ఎనిమిది పాయింట్ రెండు.

"అంటే రెండు కార్లకీ తేడా లేదు" అంది. "తేడా అంతా కాళ్ళలోనే ఉంది."

బావా బావమరుదులు నోళ్ళు వెళ్ళబెట్టారు. మూడు వారాల యుద్ధం ఒక్క పూటలో గాలికి పోయింది. కొడుకు తల గోక్కుంటూ, "మరి ఏది కొందామమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న ఆవిణ్ణి అడగడం అదే మొదటిసారి.

"నీలంది" అంది టైలరమ్మ, ఆలోచించకుండానే.

అల్లుడు ఎగిరి గంతేశాడు. "విన్నావా! దూరం ఎక్కువ పోతుందని అత్తయ్యకి తెలుసు!"

"దూరం సంగతి కాదు బాబూ."

"మరి చార్జింగు నెమ్మది కదమ్మా" అని కొడుకు గొణిగాడు.

"రాత్రంతా ఇంట్లో నిద్రపోయేదే కదరా. నింపాదిగా తిననీ. నీలందాని సీటు బాగా ముందుకు జరుగుతుంది. తెల్లదాంట్లో అంచున వేలాడుతూ కూచున్నాను. దీంట్లో నా కాలు హాయిగా అందుతోంది."

కూతురు నోట్‌బుక్కు చూసుకుంది. చార్జింగు, దూరం, యూనిట్లు, టైరు సైజు దాకా గళ్ళున్నాయి. అమ్మ కాలు అందుతుందా అన్న గడి ఒక్కటీ లేదు. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ చేసిన లెక్కలన్నిటినీ ఒక్క గీతతో కొట్టేసింది.

కొడుకు నీలం కారు దాకా నడిచి, అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీసి, తలుపు బార్లా తెరిచి పట్టుకుని, తల్లి వచ్చి కూచునేదాకా అలాగే నిలబడ్డాడు.