నిండుగా చేరాల్సిన మరచెంబు

నేను ఒక మరచెంబును. నవ్వకండి. నీళ్ళంటే ప్లాస్టిక్ సీసా అనుకునే రోజులివి. మూత మరలు తిప్పి బిగిస్తే తలకిందులు చేసినా చుక్క కారని ఇత్తడి చెంబు ఒకటుంటుందని ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ మూత తీసి వెల్లకిలా పట్టుకుంటే గ్లాసు కూడా అవుతుంది. ఇన్ని హంగులున్నదాన్ని నేను. ఓడ ఎక్కాను, విమానం కూడా ఎక్కాను. మీ ఇంట్లో చెంబులు ఏం ఎక్కాయో చెప్పండి చూద్దాం!

పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఊళ్ళో. కంచరి సింహాద్రి నన్ను కాల్చి, సుత్తితో మొత్తి, మరలు పట్టి, చింతపండుతో తోమి, చివరికి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. “ఇది మనిషికంటే ఎక్కువ కాలం బతుకుతాది” అన్నాడు. అన్నట్టే జరిగింది. పాపం, ఆయన పోయి చాలా కాలమైంది.

నన్ను సోంపేటకు చెందిన దాలమ్మ పెళ్ళిలో సారెతో పాటు పెట్టారు. దాలమ్మ భర్త పోర్టుబ్లెయిర్ రేవులో వడ్రంగి. ఆవిడ ఇద్దరు పసివాళ్ళను వెంటబెట్టుకుని విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు నేనూ ఎక్కాను. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. పిల్లలతో దూరం వెళ్ళేటప్పుడు సొంత బావి నీళ్ళు నాలో నింపి, మూత మీద గుడ్డ కప్పి ముడి వేస్తారు. దారిలో ముడి విప్పకూడదు. చేరాక ఆ నీళ్ళు అక్కడి కుండలో కలిపి పిల్లలకు తాగిస్తే కొత్త నీరు పడుతుందని నమ్మకం.

“సముద్రం మీద నా పిల్లలు దాహమని ఏడ్చినా ముడి ఇప్పలేదు. నిండు చెంబు తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టినాను” అని దాలమ్మ వీధిలో ఎదురైన ప్రతివారికీ చెప్పేది. నాకు నోరుంది గానీ మాట లేదు కదా, ఊరుకునేదాన్ని.

కాలం తిరిగింది. దాలమ్మ నన్ను తీసుకుని సోంపేటకు తిరిగొచ్చేసింది. దాలమ్మ పెద్దకొడుకు కూర్మారావు అదే రేవులో మెకానిక్ అయ్యాడు. అతని భార్య నీలవేణి, ముగ్గురు పిల్లలు మాత్రం సోంపేటలో అత్తగారి దగ్గరే ఉండిపోయారు. ఎందుకంటే రేవు పని వదిలి అతను రాలేడు, వాళ్ళను దిగబెట్టి రావాల్సిన మరిదికి సెలవు దొరకదు. పండగకు దొరకదు, ఎండాకాలం దొరకదు. ఈలోగా చిన్నది జ్యోత్స్న పుట్టి, పాకి, నడక నేర్చింది. తండ్రిని ఫోనులో చూడటమే దానికి తెలుసు. ఫోను కనబడితే చాలు “నాన్న” అని దాన్నే ముద్దు పెట్టుకునేది. అది చూసి నీలవేణి ఎన్నిసార్లు వంటింట్లోకి వచ్చి కళ్ళు తుడుచుకుందో నేను అలమారలోంచి చూశాను.

ఒకరోజు ఆమె తెగించింది. “ఎవరూ రానక్కర్లేదత్తా. పిల్లల్ని నానే తీసుకెళ్ళిపోతాను.”

దాలమ్మ నోరు వెళ్ళబెట్టింది. “ముగ్గురు బుడ్డోళ్ళనేసుకోని ఒక్కర్తివీ ఎల్తావా? అదేటి సంత అనుకున్నావేటి? ఒకడిటు, ఒకత్తటు పరిగెడితే ఎవుల్ని పట్టుకుంటావు?”

“మీరు ఓడలో ఇద్దర్ని తీసుకెళ్ళలేదా?”

ఈ దెబ్బకు దాలమ్మ లేచి వెళ్ళి నన్ను తెచ్చింది, బావి నీళ్ళు అంచుదాకా నింపింది, గుడ్డ కప్పి తనకు మాత్రమే వచ్చే ముడి బిగించింది. “సూడు కోడలా. ఈ ముడి ఇప్పకుండా, నిండు చెంబు మావోడి చేతిలో పెట్టగలిగితే పిల్లల్ని అక్కడే ఉంచుకో. ఆడే బడిలో ఎయ్యి. నేదంటే సెలవులవగానే తిరిగొచ్చీ. అంతే.”

నీలవేణి నన్ను ఒళ్ళోకి తీసుకుని “సరే” అంది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

విమానాశ్రయంలో చూడాలి మా ఊరేగింపు! జ్యోత్స్న తల్లి చంకలో ఉంది. నడిపివాడు తారకేశు తల్లి కొంగు పట్టుకున్నాడు. పెద్దది భార్గవి నన్ను రెండు చేతులా గుండెకు హత్తుకుని నడుస్తోంది. తనిఖీ దగ్గర యూనిఫారంలో ఉన్న అమ్మాయి నన్ను పట్టుకుని “ఇందులో ఏముందమ్మా? మూత తీసి కాస్త తాగి చూపించండి” అంది.

నా ప్రాణం గిలగిలలాడింది. నీలవేణి మాత్రం తొణకలేదు. “బావి నీళ్ళమ్మా. మా అత్త ముడేసింది. ఇప్పితే నా కాపురం మళ్ళీ మొదటికొచ్చీసినట్టే” అని ఉన్న సంగతంతా చెప్పేసింది. ఆ అమ్మాయి పక్కనున్న పై అధికారిణి వైపు చూసింది. ఆవిడ నవ్వు ఆపుకుంటూ నన్ను మళ్ళీ యంత్రంలోకి పంపి, ఏదో కాగితం పట్టీతో గుడ్డను తుడిచి పరీక్ష చేయించి, “మా అత్త కూడా ఇంతే, పోనివ్వండి” అంది. లోకంలో అత్తల పేరు చెబితే తెరుచుకోని తలుపు లేదు.

విమానంలోకి అడుగుపెట్టగానే మనుషుల ముఖాలు మారిపోయాయి. పిల్లలతో వస్తున్న తల్లిని చూస్తే అందరికీ ఒక్కసారిగా నిద్ర ముంచుకొస్తుందని అప్పుడే తెలిసింది. మా పక్క వరుసలో ఉన్న బొద్దాయన అయితే ఏకంగా గురక కూడా మొదలుపెట్టాడు. తారకేశు కిటికీ దగ్గర కూర్చుని, “అమ్మా, కండక్టరు ఎప్పుడొస్తాడే?” అని గట్టిగా అడిగాడు. బొద్దాయన గురకలోనే నవ్వాడు.

సగం దారి హాయిగానే గడిచింది. తారకేశు చెయ్యి తగిలి జ్యోత్స్న పాలసీసా ఒలికిపోయింది గానీ, అప్పటికి పిల్ల నిద్రలో ఉంది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. అసలు కథ విమానం కిందికి దిగడం మొదలయ్యాక వచ్చింది. జ్యోత్స్న ఒక్కసారిగా కెవ్వుమంది. రెండు చెవులూ పట్టుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని, ఊపిరి తిరగనంతగా ఏడుస్తోంది. తారకేశు కూడా చెవి మూసుకుని “నొప్పే, నొప్పే” అని మొదలుపెట్టాడు. దూరంగా బెల్టు కట్టుకుని కూర్చున్న విమానం అమ్మాయి లేవలేక, “ఏదైనా మింగించండమ్మా, గుటకలు వేస్తే చెవులు విడతాయి!” అని కేకేసింది.

మింగించడానికి ఏముంది? పాలు ఒలికిపోయాయి. సీసా ఖాళీ. మిగిలింది నేనే.

నీలవేణి నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోను. నా ముడిలో ఆమె కాపురం ఉంది, పిల్లల బడి ఉంది, ఫోనును ముద్దు పెట్టుకునే చిన్నదాని నాన్న ఉన్నాడు. ఇంకో పక్క ఆ నాన్న దగ్గరికే వెళుతున్న పిల్ల గిలగిల కొట్టుకుంటోంది. ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు. పళ్ళతో ముడి లాగి పారేసింది. మూత తిప్పగానే నాలోని గాలి బుస్సుమంది. మూతలో నీళ్ళు పోసి చిన్నదాని నోట పెట్టింది.

గుటక. ఇంకో గుటక. ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు నిట్టూర్పయ్యాయి. తర్వాత తారకేశు, తర్వాత భార్గవి. వెనక సీటులో ఏడుస్తున్న ఎవరి బిడ్డకో కూడా ఒక మూతెడు వెళ్ళింది. ఇంతలో గురక పెట్టే బొద్దాయన కళ్ళు తెరిచి, చెవి రుద్దుకుంటూ, సిగ్గుగా దోసిలి పట్టాడు. “అమ్మా, నాకూ ఒక గుక్క.” నీలవేణి పోసింది. అడుగున కాసిని మిగలగానే మూత గట్టిగా బిగించేసింది.

పోర్టుబ్లెయిర్ విమానాశ్రయం బయట కూర్మారావు నిలబడి ఉన్నాడు. జ్యోత్స్న అతన్ని చూసి, అతని చేతిలోని ఫోనును చూసి, మళ్ళీ అతన్ని చూసి, ఫోను పక్కకు నెట్టి మెడ పట్టుకుంది. అతను ఏడ్చేశాడు. చెంబును గనక నేను ఏడవలేదు, అంతే తేడా.

ఇల్లు చేరాక నా మూత తియ్యబోయాడు. రాలేదు. పైన ఉండగా బిగించిన మూత కదా, ఆ పలచటి గాలి లోపల చిక్కుకుపోయి కిందికొచ్చేసరికి మూతను లోపలికి లాక్కుని కూర్చుంది. కూర్మారావుకు అదేమీ తెలియదు, పిల్లల హడావుడిలో ముడి గుడ్డ లేదన్నది కూడా చూసుకోలేదు. తల్లికి ఫోను చేసి, “ఎంత గట్టిగా బిగించినావే అమ్మా! ఊడి రాట్లేదు” అన్నాడు. అవతల దాలమ్మ పొంగిపోయింది. “అంటే దారిలో ఇప్పనేదన్నమాట! నా కోడలు గట్టిదే!”

నీలవేణి ఊరుకుంటే అయిపోయేది. ఆమె ఫోను అందుకుంది. “లేదత్తా. నానే ఇప్పీసినాను. పిల్లలు చెవినొప్పితో ఏడ్చారు, నీళ్ళు పట్టీసినాను. మీరు రమ్మంటే వచ్చేస్తాను గానీ, మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఇప్పుతాను.”

అవతల దాలమ్మ గొంతు మెత్తబడింది. “మరి ఓడలో నానేటి చేసినాననుకున్నావే పిచ్చిదానా? నా బిడ్డలు ఏడుస్తుంటే సూస్తూ కూకున్నానా? రొండో రోజే ఇప్పీసినాను. రేవు రాగానే ఓడ కుళాయి దగ్గర నింపీసి మీ మామగారికిచ్చినాను. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.”

హమ్మయ్య! ఇన్నేళ్ళుగా కడుపులో మోసిన సంగతి ఇవాళ్టికి దిగింది.

“పిల్లల్ని ఆడే బడిలో ఎయ్యి. ఇంకో మాట” అంది దాలమ్మ, గొంతు తగ్గించి. “ఇమానమంటే నాకు బయమే. ఈసారొచ్చి నన్ను కూడా నువ్వే తీసుకెళ్ళు.”

నీలవేణి నన్ను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు కూర్చోబెట్టింది. మూత టక్కున వదిలింది. అడుగున మిగిలిన బావి నీళ్ళను కొత్త కుండలోకి వంచి, గరిటెతో కలిపి, ముగ్గురు పిల్లలకూ తలా ఒక గ్లాసు ఇచ్చింది. జ్యోత్స్న మాత్రం గ్లాసు వద్దని నా మూతే కావాలని పేచీ పెట్టింది.

ఇప్పుడు నేను ఇక్కడే, కిటికీ గూట్లో ఉన్నాను. దాలమ్మను తీసుకురావడానికి వచ్చే నెల మళ్ళీ నా ప్రయాణం. ఈసారి ముడి వెయ్యరట.