నడక పరీక్ష

మా ఊరి బడిలో గంట కొడితే లేచేవాళ్ళం, గంట కొడితే కూర్చునేవాళ్ళం. ఆ గంట కొట్టే ముసలాయన ఏ చదువూ చదవలేదు. మా అమ్మాయి దాదాపు అలాంటి పనికే నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివింది, అది చాలక పైన ఇంకో రెండేళ్ళు. ఏ దారిన పోయేవాళ్ళు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించడం ఆమె ఉద్యోగం. ట్రాఫిక్ సిగ్నల్ డిజైనర్ అంటారట. చుట్టాలు అడిగితే మా అక్క "కరెంటాఫీసు" అని చెప్పి ఊరుకుంటుంది.

మా ఆవిడ పోయాక ఇల్లు చూసుకుంటానని అక్క మా దగ్గరికి వచ్చింది. చూస్తూనే ఉంది. సోఫాలోంచి ఇల్లంతా బాగానే కనిపిస్తుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వ్యాయామం చేయించే సెంటరు పెద్దరోడ్డుకు అవతల ఉంది. నేను తోడు వెళ్తాను. నడిచేవాళ్ళ సిగ్నల్లో పచ్చబొమ్మ వెలగగానే బయల్దేరతాం. అవతలి ఒడ్డు ఇంకా నాలుగు అడుగులుండగానే ఎర్రబొమ్మ పడుతుంది. ఆ నాలుగు అడుగులూ మేం పూర్తి చేసేలోపు కార్లలో వాళ్ళు మా వంశమంతటినీ తలుచుకుంటారు.

అమ్మాయికి ఆఫీసు వాళ్ళు మొదటిసారిగా సొంతంగా అప్పగించిన కూడలి అదే. అది బాగా చేస్తే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి. ఆమె ఆ మూల నిలబడి చాలా రోజులు చూసింది. దాటేవాళ్ళలో సగం మంది ఆ సెంటరుకు వచ్చే కుంటివాళ్ళే. సిగ్నల్ సమయం లెక్కకట్టడానికి ఆఫీసు వాళ్ళు చూసే పుస్తకంలోని మనిషికేమో మోకాళ్ళు బాగున్నాయి. పచ్చబొమ్మ ఇంకాస్త సేపు ఉండాలని ఆమె రాసి ఇచ్చింది.

వాళ్ళ పెద్ద ఇంజనీరుకు సొంత కారుంది, సొంత డ్రైవరున్నాడు. ఆయన ఆఖరిసారి రోడ్డు దాటింది ఎప్పుడో ఆయనకే గుర్తుండదు. మనుషులు అంత నెమ్మదిగా నడుస్తారంటే నమ్మనన్నాడు. ఆ ముసలివాళ్ళను పిలిపించి తన ముందే నడిపించమన్నాడు. వాళ్ళకు తెలియకుండా కొలవాలి సర్ అని అమ్మాయి అంటే, దాక్కుని చూడటం తన హోదాకు తగదన్నాడు.

పరీక్ష రోజున కార్లు ఆపేశారు. పెద్దాయన స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. ఆఫీసు తరఫున ఒకడు కెమెరాతో దిగాడు. రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవండని అమ్మాయి ఒక్కొక్కరికీ చెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు.

ముందు రిటైరైన డ్రిల్లు మాస్టారు. నిన్నటిదాకా గోడ పట్టుకుని నడిచిన మనిషి. కెమెరాను చూడగానే పొట్ట లోపలికి లాక్కుని కవాతు చేశాడు. తరవాత వచ్చినావిడ చేతికర్రను గొడుగులా చంకలో పెట్టుకుంది. మా అక్క ముందురోజే జుట్టుకు రంగు వేసుకుంది. కర్ర ఇంట్లోనే వదిలేసింది. పచ్చబొమ్మ వెలిగిందో లేదో, వెనక కుక్క పడ్డట్టు అవతలికి చేరింది. అక్కడ స్తంభం పట్టుకుని నవ్వింది కూడా. ఫొటో బాగా వచ్చింది.

పెద్దాయన సంబరానికి అంతులేదు. ఇంతకాలం జనానికి అనవసరంగా ఎక్కువ సమయం ఇస్తున్నామని తేల్చాడు. పచ్చబొమ్మ సమయం తగ్గించి, మిగిలింది కార్లకు కలుపుతూ కొత్త డిజైన్ వేసి సంతకం పెట్టమన్నాడు. దాంతోపాటే పర్మనెంటు కాగితం కూడా పైకి పంపుతానన్నాడు. ఇంకోసారి, వాళ్ళకు తెలియకుండా చూద్దామని అమ్మాయి బతిమాలింది.

"చూడమ్మా, అనుమానాలు పర్మనెంటయ్యాక పెట్టుకో," అన్నాడట.

అమ్మాయి ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా అక్క ముందు కూర్చుంది. అక్క కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటోంది.

"అత్తా, నువ్వెందుకలా పరిగెత్తావు?"

"నేనెక్కడ పరిగెత్తానే? నడిచాను."

"రేపు ఒక్కసారి ఆఫీసుకు వచ్చి, రోజూ అలా నడవలేనని సార్‌కి చెప్తావా? నీ మాట మీద మళ్ళీ పరీక్ష అడుగుతాను."

అక్క కాపడం గుడ్డ పిండి మోకాలి మీద వేసుకుంది. చాలాసేపు ఆ గుడ్డనే సర్దింది.

"అంతమంది ముందు నన్ను కుంటిదాన్నని చెప్పమంటావా? అయినా నాకోసం నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు, తల్లీ. నాదేముంది, ఎలాగోలా దాటతాను. పెట్టేయ్ సంతకం."

పరువు దాచుకోవడానికి త్యాగాన్ని కప్పుకోవడం మా వంశంలో ఆడవాళ్ళకు బాగా వచ్చు. అమ్మాయి నావైపు తిరిగింది.

"నువ్వేమంటావు నాన్నా?"

"నువ్వు సంతకం పెడితే దాని కింద నడిచేది మేం. అది తెలిసే పెట్టు."

"పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు."

"అయితే వాడినే పెట్టనీ."

ఆమె కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు సంతకం పెట్టింది. నెల తిరక్కుండా పర్మనెంటయింది. ఆఫీసులో ఆమెకు కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. నేను వెళ్ళి చూడలేదు.

ఇప్పుడు మేం బయల్దేరితే సగంలోనే ఎర్రబొమ్మ పడుతుంది. రోడ్డు మధ్యలో సన్నటి సిమెంటు గట్టు ఉంది. దాని మీద నిలబడి మళ్ళీ పచ్చబొమ్మ కోసం చూస్తాం. రెండువైపులా లారీలు పోతుంటే అక్క నా చొక్కా పట్టుకుంటుంది. డ్రిల్లు మాస్టారు అక్కడే తగులుతాడు. కర్రావిడ కూడా. ఆ రోజు పరుగెత్తిన వాళ్ళందరూ దాదాపు ప్రతిసారీ అక్కడ కలుస్తారు. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. అంతా కార్లను శ్రద్ధగా గమనిస్తుంటారు.

నిలబడలేక, ఆ గట్టు మీద ఒక బెంచీ అయినా వేయించమని అక్క మొన్న అమ్మాయిని అడిగింది.

బెంచీలు వాళ్ళ సెక్షన్ కిందికి రావట.