లాంబ్రెటా హారన్, తెల్ల ప్యాంటు

మా ఖని బజార్లో కిరాణా కొట్టుంది, మంగలి దుకాణముంది, నాలుగడుగులు వేస్తే కల్లు కాంపౌండు కూడా ఉంది. స్కూటర్ హారన్ వినపడితే చాలు, బొగ్గుబాయి నుంచి వచ్చే మొగాళ్ళంతా వాటన్నిటినీ వదిలేసి నా ఇస్త్రీ దుకాణంలోకే ఎందుకు దూరతారో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. ఈ సారక్క అందం చూసి వస్తున్నారనుకుందామంటే, నాకు, ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది.

అప్పట్లో బజారంతా సైకిళ్ళే, నడిచేవాళ్ళు అంతకంటే ఎక్కువ. సైకిల్ బెల్లుకు ఎవరూ పక్కకు జరిగేవారు కాదు. అలాంటి చోట బొగ్గుబాయి ఆఫీసు క్లర్కు తీతు లాంబ్రెటా కొన్నాడు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న బండాయె, చప్పుడు లేకుండా నడిపితే దాని పరువేం కాను? చౌరస్తా నుంచి మా దుకాణం దాటేదాకా హారన్ మీద నుంచి బొటనవేలు తీసేవాడు కాదు.

ఆ మోత వినగానే బాయిలో పనిచేసే రాయమల్లు ఒక్క ఉదుటున నా దుకాణంలోకొచ్చి, గోడకు వీపు ఆనించి, కడుపు లోపలికి పీల్చుకుని నిలబడేవాడు. పక్కన ఎవరు నడుస్తున్నా వాళ్ళనీ రెక్క పట్టి లాక్కొచ్చి లోపలికి తోసి, తాను గడప వైపు నిలబడేవాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు. అందరూ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళే, కళ్ళూ పళ్ళూ తప్ప ఒళ్ళంతా బొగ్గే. గోడకేమో నేను తీగ కట్టి వేలాడదీసిన తెల్లబట్టలు. నా మొగుడు బుచ్చన్న గోదావరి రేవులో నడుము విరిగేలా ఉతికి తెచ్చిన తెలుపు, వీళ్ళ వీపులకు గడియలో ఆహుతైపోయేది.

ఒక శనివారం తీతు ప్యాంటు తీసుకుపోవడానికి వచ్చాడు. ఆదివారం ప్రార్థనకు వేసుకునే తెల్ల ప్యాంటు. దాని వెనక భాగం మీద రాయమల్లు వెనక భాగం అచ్చు గుద్దినట్టు దిగి ఉంది. తీతు అరవలేదు. ఇంకొక్క మరక కనపడితే క్లర్కుల క్వార్టర్ల బట్టలన్నీ సినిమాహాలు దగ్గర కొత్తగా పెట్టిన లాండ్రీకి పోతాయని మాత్రం చెప్పాడు. మేం తినేది ఆ బట్టల మీదే. అవి పోతే దుకాణం మూసుకుని మా ఊరు కమాన్‌పూర్ పోయి, మళ్ళీ ఇంటింటికీ తిరిగి మూటలు మోసుకోవాలి. ఈ మరకకు మూలం నీ హారనే సారూ అన్నాను. హారన్ లేని స్కూటరుంటుందా అని నవ్వి, హారన్ కొట్టుకుంటూనే పోయాడు.

సోమవారం గడపకు అడ్డంగా బెంచీ వేసి, దాని మీద బట్టల మూటలు పేర్చాను. ఇప్పుడెట్లా దూరతారో చూద్దామని ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం హారన్ మోగింది. రాయమల్లు దూకాడు. బెంచీ మోకాళ్ళకు కొట్టుకుంది. కల్లు కాంపౌండు పక్కనే ఉన్నా అటు పోలేదు. రెండు చేతులతో మూటను గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, అక్కడే నిలబడిపోయాడు. లాంబ్రెటా దాటిపోయింది. రాయమల్లు మూట వదలకుండానే నేల మీద కూలబడ్డాడు. అతని కోసం పొద్దుట్నుంచి దాచుకున్న తిట్లన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను.

"వదినె, బాయిల పట్టాల మీద బొగ్గు టబ్బులొచ్చే తొవ్వ పొంటి గోడకు గూళ్ళ లెక్క తొలుస్తరు. మ్యాన్‌హోలంటరు," అన్నాడు. "టబ్బుల చప్పుడైతే అండ్ల జొరబడాలె. చీకట్ల కనబడాలెనని వాటికి సున్నమేస్తరు. తెల్లగ కనబడితే చాలు, కాళ్ళు అటే వోతయ్."

నా తెల్లబట్టలే వీళ్ళకు సున్నం గోడలన్నమాట. నవ్వొచ్చింది. తర్వాత అతను రాజం సంగతి చెప్పాడు. ఇదివరకు వేరే బాయిలో ఇద్దరూ కలిసి పనిచేసేవారట. ఒకనాడు టబ్బులు తాడు తెంపుకుని వచ్చాయి. ముందు నడుస్తున్న రాజం గూటిలోకి ఉరికితే, అందులో ఎవరో కర్రదుంగలు పేర్చి పెట్టారు. సందు లేదు. మోకాలి కింద కాలు పోయింది.

"నేనెన్క గూట్లెనే ఉన్న వదినె. చెయ్యి చాపిన. అందలే."

నాకు పట్టరాని కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు కాబట్టి బెంచీ మీద చూపించాను. దాన్ని దుకాణం వెనక్కి విసిరేసి, బట్టల తీగ లోపలి గోడకు మార్చి, గడప పక్క గోడకు మర్నాడే సున్నం కొట్టించాను. మనం పెట్టింది ఇస్త్రీ దుకాణమా, బొగ్గుబాయా అని బుచ్చన్న వెటకారం చేశాడు.

అయినా ఇరుకు దుకాణమాయె, ఎవరి మోచేయో తగిలి తీతు చొక్కా కాలరుకు చారిక పడింది. తీతు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, సోమవారం నుంచి బట్టలు రావన్నాడు. ఇంజను ఆపకుండానే వచ్చాడు. బయటికి పోయి బండికి మూట కట్టుకుంటున్నాడు. నేను దుకాణంలో నిలబడి కమాన్‌పూర్ బతుకు తలచుకుంటున్నాను.

అప్పుడు చౌరస్తా వైపు నుంచి బొగ్గు లారీ వచ్చింది. డ్రైవరు సగం బయటికి వంగి బ్రేకుల్లేవని కేకలేస్తున్నాడు. తీతు బండిని వదల్లేదు, హ్యాండిల్ పట్టుకుని బిగుసుకుపోయాడు. ఇందాక తీతు హారన్ విని మిగతావాళ్ళతో పాటు నా గోడకు ఆనుకున్న రాయమల్లు గడప దాటి చెయ్యి చాపాడు. ఈసారి అందింది. తీతును రెక్క పట్టి గుంజి, సున్నం గోడకు అదిమి, తాను గడప వైపు నిలబడ్డాడు. లారీ లాంబ్రెటాను ఈడ్చుకుపోయి మంగలి దుకాణం అరుగుకు గుద్ది ఆగింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. స్కూటర్ హారన్ మాత్రం ఇరుక్కుపోయి ఒకటే మోత.

తీతు బండి కోసం బయటికి ఉరకబోయాడు. రాయమల్లు వదల్లేదు.

"ఆగు సారూ, ఇంకా మోగుతంది."

ఇంజను దానంతటది చచ్చి మోత ఆగేదాకా, సొంత హారన్‌కు తప్పుకుని, నలుగురు బొగ్గు మనుషుల మధ్య తీతు అలాగే నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక నేను ఇస్త్రీపెట్టె కింద పెట్టేశాను.

సోమవారం బట్టలు ఎప్పటిలాగే నా దుకాణానికే వచ్చాయి, ఆనాడు తీతు ఒంటి మీదున్న చొక్కాతో సహా. దాని వీపంతా సున్నం, చేతి మీద అయిదు నల్లటి వేళ్ళు. తీసుకుపోయే రోజు తీతు ఆ వేళ్ళ వంక చూసి, నా వంక చూశాడు. బొగ్గు మరక సారూ, పోదు అన్నాను. మడిచి పట్టుకుపోయి, ఆదివారం ప్రార్థనకు అదే వేసుకుపోయాడు.

అంతటి మరకేం కాదది. ఆ చొక్కా చేతికి సబ్బు పెట్టొద్దని బుచ్చన్నకు నేనే చెప్పాను.