షరతుల మీద నల్లకోటు

రోజూ పొద్దున ఆమె ఆఫీసులో అడుగు పెట్టగానే పెద్ద లాయరు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, "ఏదీ, ఇలా వచ్చి ఊపిరి వదులమ్మా" అనేవాడు.

ఆమె బల్ల మీదుగా వంగి ఊపిరి వదిలేది. నలభై దాటిన మనిషి, నల్లకోటు వేసుకున్న మనిషి, డాక్టరుకి నాలుక చూపించే చిన్నపిల్లలా నోరు తెరిచి నిలబడేది. టైపు చేసే అమ్మాయి తల తిప్పుకునేది. గుమాస్తా మాత్రం తిప్పుకునేవాడు కాదు.

"ఊఁ. పేస్టు వాసన తప్ప ఏం లేదు. వెళ్ళి పని చూసుకో."

ఇలా ఊపిరి చూడమని షరతుల్లో ఎక్కడా లేదు. క్రమశిక్షణ కమిటీ పెట్టిన షరతులు వేరే. ఆమె సొంత ఆఫీసు పెట్టకూడదు. కమిటీ ఒప్పుకున్న సీనియరు కింద, ఆయన కళ్ళ ముందే పని చెయ్యాలి. ఆయన పక్కన లేకుండా కోర్టులో వాదించకూడదు. ఆమె నడవడిక గురించి ఆయన నెలనెలా కమిటీకి రాసి పంపుతాడు. ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే ఆ రోజే వెళ్ళి, నర్సు చూస్తుండగా డబ్బాలో మూత్రం పట్టి ఇవ్వాలి. వారానికోసారి, తాగుడు మానేసిన లాయర్లంతా కలిసే మీటింగుకి వెళ్ళాలి. రెండేళ్ళపాటు వీటిలో ఏది తప్పినా లైసెన్సు మళ్ళీ పోతుంది. ఈసారి పోతే ఇక రాదు.

ఆమె ఒకప్పుడు మంచి లాయరు. తాగుడు మొదలయ్యాక కూడా కొన్నాళ్ళు మంచి లాయరే. అదే ఆమెని ముంచింది, ఏం ఫరవాలేదు అనిపించింది. తర్వాత్తర్వాత పొద్దున లేవలేక కేసులకి వాయిదాలు అడగడం మొదలుపెట్టింది. ఎన్ని అడిగిందంటే, కోర్టు గుమాస్తాలు ఆమె పేరే మర్చిపోయి 'వాయిదా' అని పిలుచుకునేవాళ్ళు. "వాయిదా వచ్చిందా?" "వచ్చి పోయింది." ఆఖరికి ఒక మధ్యాహ్నం, ఇల్లు ఖాళీ చేయించొద్దని కోరుతున్న క్లయింటు తరఫున నిలబడి, ఎదుటి పక్షం ఫైలు చేత పట్టుకుని, ఆ ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనని గొంతెత్తి వాదించింది. ఎదుటి లాయరు లేచి, "నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదండీ" అన్నాడు. కోర్టంతా నవ్వింది. ఆమె క్లయింటు నవ్వలేదు. ఇల్లు పోయాక ఫిర్యాదు ఆవిడే పెట్టింది.

ఏడాది లైసెన్సు లేదు. ఆ ఏడాదిలో ఆసుపత్రి, మాత్రలు, వణుకు, ఏడుపు అన్నీ అయ్యాయి. మొగుడు అంతకుముందే తన దారి తను చూసుకున్నాడు. అక్క తన మేడ మీది గది ఇచ్చింది. అక్క పళ్ళ డాక్టరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసి, సాయంత్రం ఇంటికొచ్చి చెల్లెలి నోటి దగ్గర ముక్కు పెట్టేది. మంచినీళ్ళ సీసా మూత తీసి వాసన చూసేది. "నిన్ను అనుమానించి కాదే, నా మనశ్శాంతి కోసం" అనేది.

ఆ ఇంట్లో ఒకరు, ఈ ఆఫీసులో ఒకరు. మధ్యలో ల్యాబ్ నర్సు. తన ఊపిరి తనది కాదన్నట్టు ఉండేది ఆమెకి. అయినా నోరెత్తలేదు. వాళ్ళ అనుమానాన్ని తనే సంపాదించుకుంది మరి.

చేరిన కొత్తలోనే, ఒక మధ్యాహ్నం సంతకాలకి పెద్ద లాయరు గదిలోకి వెళ్తే, లవంగం ఘాటు కింద ఇంకో వాసన తగిలింది. ఆ వాసనని ఆమె నిద్రలో కూడా పోల్చుకోగలదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తనని తనే తిట్టుకుంది. పెద్ద లాయరంటే కోర్టంతా లేచి నిలబడుతుంది. చెడిపోయిన లాయర్లని దారిలో పెట్టమని కమిటీ తనంతట తాను వెతికి పట్టుకున్న మనిషి ఆయన. తన ముక్కే తనని ఆడిస్తోందనుకుంది.

వారం మీటింగులో ఒక ముసలి నోటరీ ఉండేవాడు. అందరూ ఆయన్ని స్టాంపు అనేవాళ్ళు. ఆయన్ని అడిగింది. "మానేశాక లేని చోట కూడా వాసన వస్తుందా?"

"రాదా? నాకు మొదటేడు ఇంకుప్యాడు కూడా విస్కీలాగే ఉండేది" అన్నాడు స్టాంపు. "నోరు మానేసినంత తొందరగా ముక్కు మానదమ్మా."

ఆ మాటతో కొంచెం ఊరట. కానీ ముక్కుని నమ్మకపోయినా కళ్ళు ఉన్నాయిగా. భోజనం అయ్యాక పెద్ద లాయరు గదికి లోపల గడియ పడేది. గ్లాసు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కడుక్కునేవాడు. పొద్దున చెప్పి రాయించే కాగితాలు నిప్పులాంటివి; మధ్యాహ్నం రాయించేవాటిలో ఒకే పేరా రెండుసార్లు వచ్చేది. టైపు అమ్మాయి ఏమీ అనకుండా ఒకటి తీసేసేది. ఫోన్లో గొంతు అవసరానికి మించి స్పష్టంగా, ఒక్కో అక్షరం విడదీసి పలికేది. అలా ఎందుకు పలుకుతారో ఆమెకి తెలుసు. ఈ వేషాలన్నీ ఆమె వేసినవే.

ఒకరోజు గడియ పెట్టడం మర్చిపోయాడు. ఆమె లోపలికి వెళ్ళేసరికి స్టీలు ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు.

"ఏమిటి చూస్తున్నావు?"

"ఏం లేదు సార్."

ఇద్దరూ లాయర్లే. 'ఏం లేదు' అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆ మర్నాటి నుంచి ల్యాబ్ ఫోన్లు ఎక్కువయ్యాయి. అనుమానం వస్తే పరీక్షకి పిలిపించే హక్కు సీనియరుకి ఉంది. ఒకరోజు పిలుపు, రోజు విడిచి మళ్ళీ పిలుపు. "మళ్ళీ నువ్వేనా" అన్నట్టు చూసేది నర్సు. ప్రతిసారీ ఏమీ లేదనే వచ్చేది. ఆ నెల కమిటీ కార్యదర్శి ఫోన్ చేసింది. పొడి గొంతు. "మీ సీనియరు రిపోర్టు బాగాలేదండీ. పని మీద ధ్యాస లేదు, అందర్నీ అనుమానంగా చూస్తోంది, పాత లక్షణాలు కనిపిస్తున్నాయి అని రాశారు. మీరేమైనా చెప్పుకుంటారా?"

ఫ్లాస్కు సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఎవరు నమ్ముతారు? పట్టుబడ్డ తాగుబోతు, పట్టుకునే వాడి మీదే వేలు చూపిస్తోందంటారు.

"లేదండీ. జాగ్రత్తగా ఉంటాను" అంది.

అక్కకి మాత్రం ల్యాబ్ ఫోన్లే చాలు. "ఊరికే పిలుస్తారా ఇన్నిసార్లు? ఆయనకేం పని నీ మీద పడి ఏడవడానికి?"

"ఆయన్నే అడుగు."

"అడుగుతా. ఏమనుకున్నావు?"

ఈలోగా వాళ్ళ ఆఫీసు చూస్తున్న ఒక లిఫ్ట్ మెకానిక్ పరిహారం కేసు విచారణకి వచ్చింది. లిఫ్ట్ బాగుచేస్తుండగా పైనుంచి ఎవరో మీట నొక్కేస్తే అతని కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. చెయ్యి దాదాపు మామూలుగానే పనిచేస్తుందని కంపెనీ డాక్టరు సాక్ష్యం చెప్పాడు. ఆ డాక్టర్ని నిలదీయాల్సింది పెద్ద లాయరు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆమే తయారుచేసింది. మెకానిక్ చేత చొక్కా బొత్తాం పెట్టించి చూసింది, తాళం తిప్పించి చూసింది. చాలా రోజుల తర్వాత పని మీద ఆకలి పుట్టింది ఆమెకి.

పొద్దున్నే పిలుస్తారనుకున్న కేసు భోజనాల తర్వాతకి పోయింది. పెద్ద లాయరు కారులో కూర్చుని వస్తానని వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు వరండా మధ్యలో నడవకుండా గోడ వెంట నడుస్తూ వచ్చాడు. ఫైలు తలకిందులుగా ఉంది.

ఆమె ఎదురెళ్ళింది. "సార్, ఈ సాక్షిని నాకు వదిలెయ్యండి. మీరు పక్కన కూర్చుంటే చాలు."

"నువ్వా?" అని నవ్వాడు. "నీకు ఈ కోటు భిక్ష పెట్టింది నేను. తెలుసా?"

"తెలుసు. కానీ ఇప్పుడు మీరు లేచి మాట్లాడొద్దు."

"ఏం? ఎందుకు మాట్లాడకూడదు? చెప్పు. గట్టిగా చెప్పు, అందరూ వింటారు." ఒక్కో అక్షరం విడదీసి పలికాడు. "ఎవరి మాట నమ్ముతారో చూద్దాం."

గోడవారగా బెంచీ మీద మెకానిక్ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒకప్పుడు ఇల్లు పోగొట్టుకున్న ఆవిడ కూడా అలాంటి బెంచీ మీదే అలాగే కూర్చుంది.

కేసు పిలిచారు. పెద్ద లాయరు బల్ల పట్టుకుని లేవబోతుంటే ఆమె ఆయనకంటే ముందు లేచింది.

"అయ్యా, మా సీనియరుగారి ఆరోగ్యం బాగాలేదు. ఆయన లేకుండా వాదించే అధికారం నాకు లేదు. దయచేసి వాయిదా ఇప్పించండి."

వెనక గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. జడ్జి మొహం చిట్లించి, ఆమెని, పెద్ద లాయర్ని, మళ్ళీ ఆమెని చూసి తేదీ వేశాడు. పెద్ద లాయరు మళ్ళీ కూర్చున్నాడు. కూర్చోవడం అనేకంటే పడ్డాడనాలి. కారుదాకా ఆమే నడిపించింది. ఆయన బరువంతా ఆమె భుజం మీద వేసి, చెవి దగ్గర, "నీ లైసెన్సు ఎలా నిలుస్తుందో చూస్తా" అన్నాడు. జేబులో చిన్న సీసా మూత సరిగ్గా పడలేదేమో, ఆమె కోటు చెయ్యి తడిసింది.

ఇంట్లో కోటు విప్పి కుర్చీకి తగిలించే లోపే అక్క వచ్చింది. కోటు దగ్గర ఆగింది. వంగింది.

"ఇదేమిటే?"

"నాది కాదు."

"నీ కోటు కాదా?"

"కోటు నాదే. వాసన నాది కాదు. అక్కా, ఒక్కసారి నా మాట విను..."

అంతా చెప్పింది. అక్క నిలబడే విన్నది. చివరికి, "ఇలాంటి కథలు ఇదివరకు చాలా చెప్పావు. అన్నీ దీనికంటే బాగుండేవి" అంది. అని మంచం మీద కూలబడి, "దీన్నే నమ్మాలనిపిస్తోంది. అదే భయంగా ఉంది" అంటూ కళ్ళు తుడుచుకుంది.

"నమ్మొద్దు. రేపు నాతో కమిటీ ఆఫీసుకి రా. నువ్వే చూద్దువు గాని."

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. కార్యదర్శి ముందే సిద్ధంగా ఉంది. పెద్ద లాయరు అప్పటికే ఫోన్ చేశాడు: నా జూనియరు తాగి కోర్టుకి వచ్చింది, నాకు చెప్పకుండా వాయిదా అడిగింది.

"ముందు పరీక్ష చేయించండి" అంది ఆమె. "నిన్న మధ్యాహ్నం తాగినా ఈ రోజు దొరుకుతుందిగా. మాట్లాడ్డం తర్వాత."

ఏమీ లేదని వచ్చింది. కార్యదర్శి ఆ ఫలితాన్ని ఫైల్లో పెట్టింది. "మీరు తాగలేదని ఇది చెప్తుంది. ఆయన తాగారని చెప్పదు కదండీ."

"చెప్పదు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. కానీ అక్కడ చెయ్యి పోయినవాడు ఒకడు కూర్చున్నాడు. ఇక మూసుకోలేకపోయాను. భోజనాలయ్యాక ఆయన్ని ఇక్కడికి రమ్మనండి. నా గురించి మాట్లాడాలని చెప్పండి, వస్తారు."

వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, లవంగం, ఒక్కో అక్షరం విడదీసిన పలుకు. తన జూనియరు పతనం గురించి మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడు. మధ్యలో ఒక వాక్యం చెప్పి, కాసేపాగి, మళ్ళీ అదే వాక్యం చెప్పాడు. ఈసారి ఎవరూ తీసెయ్యలేదు. కార్యదర్శి తలెత్తి, "సార్, తప్పుగా అనుకోకండి. మీరు కూడా ఒకసారి ల్యాబ్‌కి వెళ్ళి వస్తే ఈ గొడవ ఇక్కడితో తేలిపోతుంది" అంది.

"నన్నా?" అని లేచాడు. ఆమె వైపు తిరిగాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. చూపు ఒక్క క్షణం నేల మీదికి జారింది, అంతే. తలుపు తెరిచి వెళ్ళిపోయాడు. ల్యాబ్ వైపు కాదు.

ఆ తర్వాత న్యాయం జరిగిందని చెప్పడానికి లేదు. అనారోగ్యం వల్ల ఇక సీనియరుగా ఉండలేనని ఆయన కబురు పంపితే, కమిటీ దాన్నే పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. ఆయన మీద విచారణ లేదు. ఆయన కింద ఆమె పనిచేసిన నెలలేవీ లెక్కలోకి రావన్నారు. ఆ రిపోర్టులు చెల్లనప్పుడు ఆ నెలలూ చెల్లవట. రెండేళ్ళు మళ్ళీ మొదటి నుంచి.

"ఇదెక్కడి అన్యాయమండీ!" అని అక్క కార్యదర్శితో పోట్లాడింది. ఆ పూట ఇంటికొచ్చాక చెల్లెలి నోటి దగ్గరికి రాలేదు. రెండు రోజులకి మళ్ళీ వచ్చింది.

కొత్త సీనియరు మాటలు తక్కువ, కోపం ఎక్కువ ఉన్న మనిషి. ఆవిడ పక్కన కూర్చోగా లిఫ్ట్ మెకానిక్ కేసులో ఆమే కంపెనీ డాక్టర్ని ప్రశ్నించింది. "మీ బూటు లేసు ఎడంచేత్తో మాత్రమే కట్టి చూపిస్తారా?" అని అడిగితే డాక్టరు కంపెనీ లాయరు వైపు చూశాడు. అడిగినంత కాకపోయినా, మెకానిక్‌కి పరిహారం వచ్చింది. వెళ్ళేటప్పుడు అతను, "మేడం, ఆ రోజు మీరే తాగొచ్చారనుకున్నాను. ఏమీ అనుకోకండి" అన్నాడు.

కొన్ని నెలలు పోయాక, వారం మీటింగు జరిగే మేడ కింద, వీధి మలుపులో ఒక కారు ఆగి ఉంటోందని స్టాంపు చెప్పాడు. "దిగడు, పోడు. పోలీసువాడేమో?"

ఆ సాయంత్రం ఆమె కిందికి వెళ్ళి అద్దం మీద కొట్టింది. అద్దం దిగింది. పెద్ద లాయరు చిక్కిపోయి ఉన్నాడు. తాగి ఉన్నాడో లేదో ఆమెకి తెలియలేదు. జీవితంలో మొదటిసారి ముక్కు ఏమీ చెప్పలేదు.

"నన్ను చూసి పండగ చేసుకోవడానికి వచ్చావా?" అన్నాడు.

"కాదు. మీటింగు మొదలైంది."

"లోపల ఎవరెవరున్నారు?"

"మీరు కేసుల్లో ఓడించినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు."

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. స్టీరింగ్ మీద వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "నేనేదో చూసి పోదామని వచ్చాను. అంతే. లోపలికి రావడానికి కాదు."

"సరే సార్."

 ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్ళి, కాసేపాగి కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. కారు తలుపు తెరిచి ఉంది. ఆయన ఒక కాలు రోడ్డు మీద పెట్టి, రెండో కాలు ఇంకా లోపలే ఉంచుకుని, కూర్చునే ఉన్నాడు.