సముద్రానికి మెట్లు

పెరట్లో రాతి తొట్టి ముందు గొంతుక్కూర్చుని మన్నూబియా తడి ఉన్నిని కర్రతో బాదుతోంది. చల్లనీళ్లకు వేళ్లు ఎర్రబారాయి. కుడి బొటనవేలు ఏనాడో సూది దిగి వంకరపోయింది. పెళ్లిపరుపులకు ఉన్ని ఉతికి, చిక్కు తీసి, నింపి కుట్టడమే ఆమె బతుకు.

ఒకప్పుడు ఆ ఊరి ఆడవాళ్లంతా ఎండాకాలంలో ఉన్ని మూటలతో సముద్రంలోకి దిగేవారు. రాళ్లమీద బాదుతూ పాడుకునేవారు, పోట్లాడుకునేవారు, కొడుకులకు పెళ్లిసంబంధాలు చూసుకునేవారు. ఎరువుల ఫ్యాక్టరీ ఒడ్డున వ్యర్థాన్ని గుట్టలు పోశాక ఎవరి తొట్టి వాళ్లదే అయింది. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది, విషపు మట్టిని తవ్వి తీసుకుపోతున్నారు. ఆ నేలలో ఏం కట్టాలో చెప్పమని ఊళ్లోవాళ్లను బడికి పిలిచారు.

పక్కింటి హయాత్ వచ్చి రెక్క పట్టుకుంది. "పద పిన్నీ, మీటింగు మొదలైపోయింది!"

"నేనేం మాట్లాడతానే? నాకు నోరెక్కడుంది?"

"మా అత్తనడుగు, నీ నోరెంతుందో చెబుతుంది."

బళ్లో గోడమీద పెద్ద పటం. ఇళ్లు, దుకాణాలు, ఒడ్డు పొడవునా రాతిగోడ. కిరాణాకొట్టు జుహైర్ పార్కింగు కావాలని గట్టిగా అడుగుతున్నాడు. మన్నూబియా ఆ గోడనే చూస్తోంది. అది లేస్తే సముద్రం ఇక దొరకదు. ఎలా లేచిందో ఆమెకే తెలియదు, లేచి నిలబడింది.

"ముందా కర్ర దించు పిన్నీ, అన్నీ ఒప్పుకుంటాం!" అన్నాడు జుహైర్. హడావుడిలో ఉన్ని కర్ర చేతిలోనే వచ్చేసింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది.

"ఆ గోడకి ఒకచోట మెట్లు పెట్టండి నాయనా, నీళ్లలోకి దిగడానికి. తొట్టి ముందు ఒక్కదాన్నే కూచుని విసుగొచ్చింది. తిట్టుకోడానికైనా పక్కన మనిషుండాలి కదా."

ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు లేచి మాకూ మెట్లే కావాలన్నారు. "నా పార్కింగు తర్వాత. మా అమ్మ పెళ్లిపరుపు ఈవిడ కుట్టిందే. ముందు మెట్లు రాయండి," అన్నాడు జుహైర్.

రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చిన ఇంజనీరు ఇనెస్ పెన్సిలు తీసింది. "నీళ్లు బాగయ్యాయని పరీక్షల్లో తేలేదాకా దిగకూడదు పిన్నీ. ఏళ్లు పట్టొచ్చు."

"పట్టనీ తల్లీ. నేను కాకపోతే ఇంకొకరు దిగుతారు. కాస్త వెడల్పుగా గీయి, మావాళ్లు లావు."

ఇంటికొస్తుంటే ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇంతమంది తన మాట విన్నారు. హయాత్ చెయ్యి పట్టుకుని, "లాక్కెళ్లి మంచిపని చేశావే. నీ కడుపు చల్లగుండ," అంది. సాయంత్రం మిగిలిన ఉన్ని ఉతికి ఆరేసింది.

మెట్లు కడుతుండగానే ఒక చలికాలపు పొద్దున, సగం కుట్టిన పరుపు పక్కన మన్నూబియా నిద్రలోనే పోయింది. ఆ పరుపును హయాత్ పూర్తిచేసింది.

నీళ్లు బాగయ్యాయని పరీక్షల్లో తేలిన ఏడాది ఎండాకాలంలో ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని దిగారు. మధ్యాహ్నం దాకా ఒకటే గోల. అయ్యాక ఎవరి కర్ర వాళ్లు తీసుకుపోయారు. అడుగుమెట్టు మీద మాత్రం, పిడి అరిగిన మన్నూబియా పాత కర్ర, ఉన్నిపోగు అంటుకుని, రేపు వచ్చేవాళ్ల కోసం ఎండలో ఆరుతోంది.